గోస్తని పుట్టింటికి

మా అమ్మ పుట్టిల్లు భీమునిపట్నం. గోస్తని నదికి అది అత్తవారిల్లు. అనంతగిరి కొండల్లో పుట్టి, గుట్టలు దిగి, పొలాలు దాటి వచ్చిన ఆ ఏరు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నదులకు భర్త సముద్రుడేనని మన కవులు ఏనాడో తీర్మానించారు గనుక ఈ బంధుత్వం విషయంలో ఎవరికీ పేచీ ఉండదు.

చిన్నప్పుడు ఆ ఏటి ఒడ్డున గవ్వలేరుకుంటూ అమ్మ వాళ్ళ నాన్నను అడిగిందట: "నాన్నా, ఈ ఏరు ఎక్కణ్ణుంచి వస్తుంది?" తాతగారు పడమటి కొండలవైపు చెయ్యి చాపి, "అదుగో, అక్కణ్ణుంచి. పెళ్ళయ్యాక మీ ఆయన తీసుకెళ్ళి చూపిస్తాడులే" అన్నారట. పెళ్ళయింది. మా నాన్నగారు "పిల్లలు కాస్త పెద్దవాళ్ళు కానీ" అన్నారు. పెద్దవాళ్ళమయ్యాము. నాన్నగారు వెళ్ళిపోయారు. ఆయన ఆస్తితోపాటు ఈ బాకీ కూడా నాకు సంక్రమించింది. నేను కళాశాలలో తెలుగు చెప్పుకుని బ్రతికేవాణ్ణి, మాటలకు లోటులేదు. "వచ్చే వేసవికి తప్పకుండా వెళదాం అమ్మా" అంటూ ఎనిమిది వేసవులు దొర్లించాను.

ఈ వేసవిలో ఒకనాటి సాయంత్రం అమ్మ మోకాళ్ళకు తైలం రాసుకుంటోంది. ఆమెకిప్పుడు డెబ్భయ్యారేళ్ళు. సీసాకు మూత బిగిస్తూ, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకుంటున్నట్లు, "ఇంక ఆ కొండలూ అవీ మనచేత కాదులే" అంది. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. ఎంతో నింపాదిగా అంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. తెల్లవారి లేచి, "ఎల్లుండి బయలుదేరుతున్నాము" అని ఇంట్లో ప్రకటించాను.

"ఎక్కడికండీ?" అంది మా ఆవిడ.

"గోస్తని పుట్టింటికి."

అరకు వెళ్ళేవారు విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కడం వాడుక. అద్దాల పెట్టెలో కూర్చుని కొండలు చూడవచ్చు. కాని ఆ దారిలో సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయి. "చీకట్లో చూసేదేముందిరా?" అని అమ్మ కొట్టిపారేసింది. పైగా రైలు ఏటివెంట పోదు. అందుచేత మా పాత కారే గతి అయింది. దానికి పదిహేనేళ్ళు. ఇంట్లో అమ్మ తరువాత పెద్దతనం దానిదే. అమ్మ తన మరచెంబు తోమించి ఒళ్ళో పెట్టుకుంది. కొండమీద గోస్తని నీళ్ళు పట్టుకుని వచ్చి, భీమిలిలో సముద్రంలో కలుపుతుందట. మా అమ్మాయి ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉంది గనుక దారిపటం దాని చేతిలో పెట్టాము.

సూటిగా శృంగవరపుకోట వెళ్ళిపోవచ్చు. అమ్మ ఒప్పుకోలేదు. "ముందు భీమిలి వెళ్ళాలి. అత్తవారింట చెప్పకుండా పుట్టింటికి ఎవరైనా వెళతారా?" అంది. నది సంగతి చెబుతోందో, తన సంగతి చెబుతోందో నాకు బోధపడలేదు.

విశాఖ నుంచి భీమిలికి సముద్రపు ఒడ్డునే సుమారు 30 కిలోమీటర్ల బాట. ఉదయం ఆరింటికే ఎండ చురుక్కుమంటోంది. కుడిచేతివైపు సముద్రం, ఎడమచేతివైపు కొండలు. తొట్లకొండ, బావికొండ రాగానే నా వృత్తి నన్ను నిలవనీయలేదు. రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఆ కొండలమీద విహారాలు కట్టుకున్నారు. వాననీరు దాచుకోవడానికి రాతిలో తొట్లు తొలిచారు. ఆ మతం పోయింది, ఆ భిక్షువుల పేర్లు పోయాయి. ఊళ్ళవాళ్ళ నోట తొట్లూ బావులూ మాత్రం నిలిచాయి. "చూశావా, జనం ఏది జ్ఞాపకం పెట్టుకుంటారో! నీళ్ళనే" అన్నాను. "నాన్నా, ఇది క్లాసు కాదు" అంది మా అమ్మాయి.

ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం ముందుకూ వెనక్కూ జరిగిన కాలాల్లో గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్ళుగా దిబ్బలు కట్టి, అందులోని ఇనుము వల్ల ఎరుపెక్కింది. వాన కోసిన గాడులతో ఎండలో ఆ దిబ్బలు నిప్పుకణికల్లా ఉన్నాయి. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

భీమిలిలో అడుగుపెట్టగానే అమ్మ గొంతు మారింది. మాట త్వరత్వరగా వస్తోంది. "అదుగో, అవే ఒలందుల సమాధులు. సాయంత్రమైతే ఇటు రావాలంటే మాకు హడలు" అంది. 17వ శతాబ్దంలో హాలండు దేశపు వర్తకులు ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వారినే మన పూర్వులు ఒలందులన్నారు. ఎక్కడో పుట్టి, ఈ ఇసుకలో నిద్రపోతున్నారు పాపం. ఇప్పుడు ఆ సమాధుల నీడన మేకలు పడుకున్నాయి.

ఏరు సముద్రంలో కలిసేచోటికి వెళ్ళాము. నా గుండె జారింది. మే నెల మరి; ఇసుక తిన్నె పక్కనుంచి సన్నని పాయ ఒకటి, వెళ్ళాలా వద్దా అన్నట్లు నిలబడి ఉంది. అమ్మ చాలాసేపు చూసి, "చిక్కిపోయింది" అంది. జబ్బుమనిషిని చూడబోయినవాళ్ళు అనే తీరులో.

అక్కడినుంచి ఏటికి ఎదురు ప్రయాణం సాగింది. తగరపువలస వంతెన దాటి పద్మనాభం వెళ్ళాము. కొండమీద అనంత పద్మనాభస్వామి, కొండకింద కుంతీమాధవస్వామి. పైకి వెయ్యికి మించిన మెట్లు. అమ్మ కిందనుంచే దణ్ణం పెట్టుకుంది. ఈ ఊరికి మరో జ్ఞాపకం ఉంది. 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామ గజపతి కుంఫిణీ సేనతో పోరాడి ప్రాణం విడిచింది ఇక్కడే. ఇప్పుడక్కడ మామిడి తోటలు, తాటిచెట్లు, ముంజెలమ్మే ముసలమ్మ. ముంజెలు మహా రుచిగా ఉన్నాయి.

ఏటిలోకి దిగితే ఇసుకే ఇసుక. నడుమ ఇద్దరు ఆడవాళ్ళు చెలమ తవ్వి, చిప్పతో నీళ్ళు తోడి బిందె నింపుకుంటున్నారు. కొంచెం ఎగువన ట్రాక్టరు ఒకటి ఇసుక ఎత్తుకుంటోంది. అమ్మ అటు చూసి, ఇటు చూసి, "ఇసుక కూడా పోతే ఈ నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయిరా?" అని అడిగింది. నేను ఎమ్మే చదివినవాణ్ణి. జవాబు చెప్పలేదు.

విజయనగరంలో ఆగాలని నా ఉబలాటం. 1713లో కట్టిన కోట, 1919లో పెట్టిన సంగీత కళాశాల, అన్నిటినీ మించి గురజాడవారి ఇల్లు. తెలుగు పంతులు ఆ ఊరు దాటి పోవడమంటే భక్తుడు గుడి ముందునుంచి తల తిప్పుకుని పోవడమే. అమ్మతో మనవి చేసుకున్నాను. "అప్పారావుగారు ఎక్కడికీ పోరు. వచ్చే నెలలో వచ్చినా ఉంటారు. ఆ ఏరు అలా లేదు. పద" అంది. ఎనిమిదేళ్ళు వాయిదా వేసినవాడికి ఇంకేం నోరుంటుంది? బయటినుంచే నమస్కరించి బండి పోనిచ్చాను.

మధ్యాహ్నం దాటాక తాటిపూడి చేరాము. అక్కడ నీళ్ళు కనిపించాయి! రెండు గుట్టల మధ్య విశాలంగా, నీలంగా, గాలికి చిరుఅలలు వేస్తూ. 1963-68 మధ్య గోస్తనికి అడ్డంగా ఈ జలాశయం కట్టారు. విజయనగరం జిల్లాలో సుమారు 15 వేల ఎకరాలకు సాగునీరు ఇవ్వడం, విశాఖపట్నానికి తాగునీరు పంపడం దీని పని. గట్టుమీద నిలబడి ఈ వివరం చెప్పాను.

"విశాఖపట్నానికా?" అంది అమ్మ.

"అవును. నగరానికి నీళ్ళిచ్చే జలాశయాలు చాలా ఉన్నాయి. అందులో ఇదొకటి."

"అంటే మనింటి కుళాయిలో..."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. కారణముంది. మా ఇంటికి వచ్చినప్పటినుంచి అమ్మ ఆ కుళాయి నీళ్ళను తిట్టని రోజు లేదు. "ఛీ, ఇవీ ఒక నీళ్ళేనా? నీళ్ళంటే మా గోస్తని నీళ్ళు!" అన్నది ఆమె నిత్యపారాయణ. ఇన్నాళ్ళూ తిట్టింది తన ఏటినే కాబోలు! అమ్మ నవ్వలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "భీమిలికి రాకుండా ఇక్కడ ఆగిపోయిందన్నమాట. పోనీలే, పసిపిల్లలున్న ఇళ్ళకేగా వెళుతోంది" అంది.

ఆ రాత్రి శృంగవరపుకోటలో మా ఆవిడ పిన్నిగారింట మజిలీ. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పెరట్లో నులకమంచాలు. పడమట కొండలు చీకట్లో నల్లగా దగ్గరకొచ్చి కూర్చున్నాయి. రెండు జాముల రాత్రివేళ మెలకువ వచ్చి చూస్తే అమ్మ మంచంమీద లేచి కూర్చుని అటే చూస్తోంది.

మర్నాడు తెల్లవారుజామునే బయలుదేరాము. బొడ్డవర దాటాక కొండదారి మొదలయింది. మలుపు మీద మలుపు. ఒక్కొక్క మలుపుకూ గాలి చల్లబడుతోంది. కింద వదిలివచ్చిన మైదానం ఎండలో పచ్చా గోధుమరంగూ గళ్ళ దుప్పటిలా పరుచుకుని ఉంది. దారి పక్క పనసచెట్లు మొదలంటా కాయలు కాసి ఉన్నాయి. అనంతగిరి చేరేసరికి కాఫీ తోటలు. నిటారుగా పెరిగిన సిల్వరు ఓకు చెట్లు, వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలు, ఆ నీడన నడుమెత్తు కాఫీ మొక్కలు. పూలకాలం అయిపోయింది; కొమ్మల కణుపుల్లో పచ్చని పిందెలు గుత్తులు కట్టి ఉన్నాయి. 2019లో ఈ అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అమ్మాయి తోవపక్క కొట్లో ఒక గ్లాసు తాగి, "అమ్మా, మనింట్లో తాగేది కాఫీ కాదే" అని తీర్పు చెప్పింది. మా ఆవిడ నన్ను చూసింది. ఆ పొడి కొనేది నేనే.

బొర్రా గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఒడియాలో బొర్ర అంటే రంధ్రమని చెబుతారు. గుహద్వారం ముందు నిలబడితే కొండ నోరు తెరిచి ఆవలిస్తున్నట్లుంది. లోపల అడుగుపెట్టగానే వేసవి అన్నమాటే మరచిపోయాము. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ నీటిబొట్టు కప్పునుంచి జారేటప్పుడు రవ్వంత సున్నం పైన వదులుతుంది, రవ్వంత కింద వదులుతుంది. పైది మర్రి ఊడలా దిగుతుంది, కిందది పుట్టలా లేస్తుంది. వేల ఏళ్ళకు రెండూ కలిస్తే స్తంభం. తొందరన్నది ఎరగని పనివాళ్ళు ఆ నీటిబొట్లు. పైన కొత్తవలస-కిరండోలు రైలుమార్గం పోతోంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరేది ఆ దారినే.

అమ్మ మనవరాలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. పది మెట్లకు ఒకసారి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ దిగడం. ఎత్తున శివలింగం ఉన్న చోటికి నిచ్చెనలాంటి మెట్లున్నాయి. అంతదూరం వద్దని కిందనే కూర్చోబెట్టాము. చూపించే అతను కథ చెప్పాడు. పూర్వం ఆవు ఒకటి గుహ కప్పులోని కంతనుంచి లోపల పడిపోయిందట. వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరికి ఆవూ కనిపించింది, శివలింగమూ కనిపించింది. లింగానికి పైన రాతిలో ఆవు పొదుగు ఆకారం ఉంది. ఆ పొదుగునుంచి వచ్చిందే ఈ నది. అందుకే గోస్తని అయింది. సంస్కృతంలో ద్రాక్షకు కూడా గోస్తని అనే పేరుందని నేను చెప్పబోయాను. మా అమ్మాయి చూపు చూసి మానుకున్నాను.

నా చదువు మాత్రం ఊరుకోలేదు. "అమ్మా, నిజానికి నది పుట్టింది అనంతగిరి కొండల్లో ఇంకా పైన. ఈ గుహలు ఆ చోటికి దగ్గర, అంతే" అన్నాను. "పురిటిగది దాకా ఎందుకురా? గుమ్మం దాకా వచ్చాం. చాలు" అంది అమ్మ. ఆ చీకట్లో ఆమె ముఖం నాకు కనబడలేదు. రాతిమీద అరచెయ్యి ఆనించి ఉంచింది. తడి ఊరుతున్న రాయి అది. ఎంతసేపయినా తియ్యలేదు.

బయటికి వచ్చాక చెంబు సంగతి వచ్చింది. ఏరు కింద లోయలో పారుతోంది. అక్కడికి దిగడం అమ్మ వల్ల కాదు, నిజం చెప్పవద్దూ, నా వల్లా కాదు. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతున్న ఒక పిల్ల మా గుంజాటన చూసి తమ్ముణ్ణి పిలిచింది. పదేళ్ళవాడు మరచెంబు అందుకుని మేకపిల్లలా దిగిపోయాడు. పావుగంటలో నిండు చెంబుతో వచ్చాడు.

"ఆ ఏటిని ఇక్కడ ఏమంటారు బాబూ?" అని అడిగింది అమ్మ.

"ఏమంటారేటి? గెడ్డ!" అన్నాడు వాడు.

అమ్మ ముఖమంతా నవ్వయింది. "పుట్టింట్లో ముద్దుపేరే పిలుస్తారు మరి" అంది. వాడికి డబ్బూ ఇచ్చింది, తన సంచిలోని జంతికలూ ఇచ్చింది.

బొర్రానుంచి పెద్దదారి ఎక్కి గాలికొండ వైపు సాగుతూండగా మా కారు తన వయస్సు జ్ఞాపకం చేసుకుంది. ముందునుంచి ఆవిరి లేచింది. దింపి చూస్తే రేడియేటరులో చుక్క నీరు లేదు. చల్లారేదాకా అరగంట కూర్చుని మూత తీశాను. మా దగ్గరున్న సీసాలు రెండూ అప్పటికే సగం ఖాళీ. అవి పోస్తే ఎటూ చాలలేదు. చుట్టూ కాఫీ తోటలు, పైన కొండ, కింద లోయ. వచ్చే పోయే బండి లేదు. నేను అమ్మ ఒడిలోని చెంబువైపు చూడకుండా ఉండడానికి ఎంత ప్రయత్నం చేశానో దేవుడికి తెలుసు. "ఏదైనా బస్సు వస్తుందేమో చూద్దాం" అన్నాను.

అమ్మ మర విప్పి చెంబు నా చేతికిచ్చింది.

"వద్దమ్మా. దీనికోసమే కదా ఇంతదూరం..."

"ఏరు మాత్రం నీళ్ళన్నీ సముద్రానికే మోసుకుపోతోందా? తాటిపూడిలో ఇచ్చింది. పొలాలకిచ్చింది. చెలమలో ఇచ్చింది. అడిగినవాళ్ళకిచ్చాక మిగిలిందేగా భీమిలి చేరేది. పొయ్యి. అడుగున గుక్కెడు ఉంచు."

పోశాను. నా చెయ్యి కొంచెం వణికింది. కారు ఒక దగ్గు దగ్గి బయలుదేరింది.

అరకులో ఆ రాత్రి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాము. మే నెలలో! మర్నాడు సంతలో అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, పసుపు, అల్లం, చింతపండు కొన్నాము. తిరుగుదారిలో, రాత్రి అవుతుందన్నా వినకుండా, అమ్మ భీమిలి మీదుగానే రమ్మంది. దీపస్తంభం అప్పుడే వెలిగింది. చెంబులో మిగిలిన గుక్కెడూ ఏటి పాయలో వంచింది. చప్పుడు కూడా కాలేదు. "చెప్పాను" అంది. ఏం చెప్పిందో, ఎవరికి చెప్పిందో నేను అడగలేదు.

ఇంటికి చేరి, అమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద గ్లాసు పెట్టింది. నిండిన గ్లాసును దీపానికెత్తి చూసింది. "తాటిపూడివేనా ఇవి?" అంది. "కొన్ని అయి ఉంటాయి" అన్నాను. మారు మాట్లాడకుండా గ్లాసెడూ తాగేసింది. ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ నీళ్ళను ఎవరూ తిట్టడం లేదు. కుళాయి కట్టకుండా వదిలేస్తే మాత్రం అమ్మ ఊరుకోదు.

సామాను సర్దుతూ సర్దుతూ మా ఆవిడ తలెత్తకుండానే అంది: "అన్నట్లు, మా నాగావళి ఎక్కడ పుడుతుందండీ?"

ఆమెది శ్రీకాకుళం. మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆమె మనస్సులో ఉన్నట్లు నాకు తెలియనే తెలియదు. "ఒడిశా కొండల్లో. వచ్చే..." అని మొదలుపెట్టాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు చూస్తోంది.

"వచ్చే దసరా సెలవుల్లో వెళదాం" అన్నాను. రేడియేటరు బాగుచేయించడానికి రేపే ఇస్తున్నాను.